ఏనుగుల కోసం దేశం దాటి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విదేశీ ప్రయాణాల గురించి ఇటీవల ఒక సంచికలో రాస్తూ, ఎదురు డబ్బు చెల్లించి మరీ ఏనుగుల సంరక్షణ కేంద్రాల్లో వారం, పది రోజులు పనిచేసి వచ్చే స్వచ్ఛంద సేవకుల సంగతిని క్లుప్తంగా ప్రస్తావించాం. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికీ రాలేదు. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించి, వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఈ ఏడాది చివరి సెలవుల్లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ దగ్గర ఏనుగుల సంరక్షణ కేంద్రంలో ఒక వారం పనిచేయాలని ఉంది. "జీతమిచ్చి పని చేయించుకోవడం విన్నాం గానీ, ఎదురు డబ్బిచ్చి లద్దె ఎత్తడం ఎక్కడా వినలేదు" అని ఇంట్లో నవ్వుతున్నారు. వెతికి చూస్తే ప్రతి శిబిరమూ తానే అసలైన శరణాలయమని చెప్పుకుంటోంది. ఏది నిజమో తెలుసుకోవడం ఎలా? అసలు వెళ్లడం సబబేనా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: మీ ఇంట్లోవారి నవ్వులో కొంత న్యాయం ఉంది. దాన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలంటే, థాయ్‌లాండ్‌లో ఇన్ని ఏనుగులు పర్యాటకుల మీద ఆధారపడి ఎందుకు బతుకుతున్నాయో ముందుగా చెప్పుకోవాలి. ఆ దేశంలో, ముఖ్యంగా ఉత్తర ప్రాంతంలో, పెంపుడు ఏనుగులకు తరతరాలుగా ఉన్న పని అడవిలో నరికిన టేకు దుంగలను లాగడం. 1988 నవంబరులో దక్షిణ థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చినప్పుడు, చెట్లు కొట్టేసిన కొండవాలుల నుంచి మట్టీ దుంగలూ ఊళ్ల మీదికి దొర్లిపడి వందలమంది చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో కలప కొట్టడాన్ని దేశమంతటా నిషేధించింది. అడవికి మేలు చేసిన ఆ నిర్ణయంతోనే వేలాది ఏనుగులకూ వాటి మావటులకూ పని లేకుండా పోయింది. పని లేదని ఏనుగును ఊరికే కట్టేసి ఉంచడం సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే ఎదిగిన ఆసియా ఏనుగుకు రోజుకు 150 కిలోల దాకా మేత, 100 లీటర్లకు పైగా నీరు కావాలి. కొందరు మావటులు ఏనుగులను బ్యాంకాక్ వీధుల్లోకి తీసుకువచ్చి, దారిన పోయేవారికి చెరకు ముక్కలూ అరటిపండ్లూ అమ్మి, వాటిని ఏనుగుకే తినిపించమని చెప్పి పొట్టపోసుకున్నారు. మిగిలినవారు పర్యాటక శిబిరాలకు చేరారు. సవారీలు, బంతాటలు, తొండానికి కుంచె ఇచ్చి బొమ్మలు వేయించడం వంటివన్నీ ఆ తరువాతి కాలంలోనే ఊపందుకున్నాయి. ఈనాడు అక్కడ మనుషుల అధీనంలో ఉన్న ఏనుగులు మూడు వేలకు పైమాటే.

ఇక చట్టం సంగతి చూద్దాం. అడవి ఏనుగుకు అక్కడ వన్యప్రాణి రక్షణ చట్టం అండగా ఉంది. పెంపుడు ఏనుగు మాత్రం 1939 నాటి బరువులు మోసే పశువుల చట్టం కిందికి వస్తుంది, అంటే ఎద్దు, గేదె, గుర్రాలతో పాటు అది కూడా యజమాని ఆస్తి. దాన్ని కొనవచ్చు, అమ్మవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు. శరణాలయమనే పేరు మీద ఎవరి హక్కూ లేదు కాబట్టి, ఆ మాట కనిపించినంత మాత్రాన మీకు తెలిసేదేమీ లేదు. ఏనుగు వెన్నుపూసల మీది ఎముకలు పైకి పొడుచుకుని ఉంటాయనీ, వాటి మీద అంబారీ కట్టి రోజంతా మనుషులను మోయించడం హింస అనీ విదేశీ పర్యాటకులు గ్రహించాక, చాలా శిబిరాలు అంబారీని దించేసి వచ్చినవారి చేతికి బకెట్టూ బ్రష్షూ ఇచ్చాయి. కనుక నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: ఏనుగుకు స్నానం చేయించే అవకాశం ఉందని ప్రకటనలో ఉంటే ఆ శిబిరాన్ని పక్కన పెట్టండి. నీళ్లలోకి ఎప్పుడు దిగాలో, ఎంతసేపు ఉండాలో ఏనుగుకు తెలుసు. ఒంటికి బురదా దుమ్మూ పట్టించుకుని ఎండ నుంచీ పురుగుల నుంచీ కాపాడుకోవడమూ తెలుసు. రోజుకు నాలుగైదు విడతలుగా వచ్చే కొత్తవారందరి చేతా ఒళ్లు తోమించుకుంటూ అది కదలకుండా పడుకుంటోందంటే, అలా పడుకోకపోతే ఏమవుతుందో దానికి ఎప్పుడో నేర్పారన్నమాట. గున్న వయసులోనే తల్లి నుంచి వేరుచేసి, ఇరుకైన కొయ్య బోనులో కట్టి, ఆకలితో, నిద్రలేమితో, దెబ్బలతో లొంగదీసే పద్ధతి ఒకటి అక్కడ ఉంది. దాన్ని ఫాజాన్ అంటారు. మంచి కేంద్రాల్లో ఉన్న ముసలి ఏనుగులు కూడా ఒకప్పుడు దాదాపుగా ఆ దారిన వచ్చినవే.

చేతితో తాకనివ్వని కేంద్రాలు లేకపోలేదు. చియాంగ్ మాయ్‌కి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, మే తేంగ్ లోయలో ఉన్న ఎలిఫెంట్ నేచర్ పార్క్ అందరికీ తెలిసిన పేరు. సాంగ్‌డుయాన్ చైలెర్ట్ అనే మహిళ స్థాపించిన ఆ కేంద్రం కూడా మొదట్లో సందర్శకులను ఏనుగుల స్నానంలో పాల్గొననిచ్చి, తరువాత ఆ అలవాటు మానుకుంది. ఫుకెట్‌లో 2016లో మొదలైన ఫుకెట్ ఎలిఫెంట్ శాంక్చురీ వంతెన మీది నుంచీ బాటల మీది నుంచీ చూడటానికి ప్రాధాన్యమిస్తుంది. ఇటువంటి చోట స్వచ్ఛంద సేవకులకు వారం రోజుల పాటు ఉండే పనులు ఏమిటంటే, లారీ నుంచి పుచ్చకాయలూ గుమ్మడికాయలూ దించడం, వాటిని కడగడం, పొలంలో గడ్డో మొక్కజొన్న చొప్పో కోసి మోపులు కట్టడం, కంచె బాగు చేయడం, లద్దె ఎత్తడం. ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరిగించుకోలేదు కనుక ఆ చివరి పనికి ఎప్పుడూ కొదవ ఉండదు. అన్నిటికన్నా ఓపిక కోరేది ముసలి ఏనుగుల మేత. ఏనుగుకు జీవితంలో ఆరు జతల దవడపళ్లు వస్తాయి. ఆరవ జత కూడా అరిగిపోయాక అది గడ్డి నమలలేదు, పళ్లు లేని అలాంటి ఏనుగుల కోసం అన్నం, అరటిపండు కలిపి ముద్దలు చేస్తారు. వంటశాలలో ఆ ముద్దలు పిసుకుతూ గంటలు గడిపినవారికి ఏనుగు తొండం తగలకపోయినా ఏనుగు గురించి చాలానే తెలుస్తుంది. మనవాళ్లకు పనికొచ్చే మరో మాట: ఎలిఫెంట్ నేచర్ పార్క్‌లో పెట్టేది శాకాహార భోజనమే.

రుసుము వారానికి పది వేల బాట్లకు పైగా ఉంటుంది, అంటే తక్కువలో తక్కువ పాతిక వేల రూపాయలు. విమాన ఛార్జీలు వేరు. ఇందులో బస, భోజనం కలిసే ఉంటాయి. మీ ఇంట్లోవారికి చెప్పవలసిన జవాబు ఇక్కడే ఉంది. నిజం చెప్పాలంటే మీ చేతిపని విలువ ఆ కేంద్రానికి స్వల్పం. మీరు రోజంతా కోసే గడ్డిని స్థానిక కూలీ ఒకరు పూటలో కోసి పారేస్తారు. ఏనుగులకు అందే అసలు సాయం మీరు చెల్లించే రుసుమే, ఎందుకంటే మేత ఖర్చు, మావటి జీతం, పశువైద్యుని మందులు దాని నుంచే వస్తాయి. 2020లో కోవిడ్ వల్ల పర్యాటకులు ఆగిపోయినప్పుడు శిబిరాలు మేతకు డబ్బు లేక మూతపడి, వందకు పైగా ఏనుగులు మావటులతో కలిసి కొండదారుల్లో సొంత ఊళ్లకు నడిచివెళ్లాయి. ఆ సంగతి తెలిస్తే ఈ రుసుము ఎంత అవసరమో, ఈ వ్యవస్థ ఎంత బలహీనమైనదో రెండూ అర్థమవుతాయి.

డబ్బు కట్టే ముందు కేంద్రానికి ఉత్తరం రాసి కొన్ని సంగతులు అడగండి. రాత్రిపూట ఏనుగులను ఎక్కడ ఉంచుతారు, గొలుసు వేస్తారా, వేస్తే ఎంత పొడవుది? మావటి చేతిలో అంకుశం కనిపించినంత మాత్రాన ఆ చోటును తప్పుపట్టనక్కర్లేదు, ఆపద వేళ కోసం దాన్ని నడుముకు దోపుకునే మంచి మావటులు ఉన్నారు; అరచేతిలో మేకు దాచుకుని నవ్వుతూ నిలబడేవారూ ఉన్నారు. గున్నలు ఉన్నాయా అని తప్పక అడగండి. గున్నను చూస్తే జనం ఎగబడతారు కాబట్టే కొన్ని శిబిరాలు వాటిని పనిగట్టుకుని పుట్టిస్తాయి, ఆ గున్న మరో అరవై ఏళ్లు బంధనంలోనే గడపాలి. కేంద్రంలోని ఏనుగులు సొంతమా, అద్దెవా అన్నది అడిగినప్పుడు వచ్చే జవాబును తొందరపడి తూచవద్దు. ఏనుగును కొని విడిపిస్తే వినడానికి బాగుంటుంది గానీ, ఆ డబ్బుతో పాత యజమాని మరో చిన్న ఏనుగును కొనుక్కోవడం జరిగే పనే. యజమానికి నెలనెలా అద్దె ఇచ్చి, అతని ఏనుగును సవారీ నుంచి తప్పించి, అతన్నే మావటిగా పెట్టుకునే పద్ధతి అంత ఘనంగా కనిపించదు, కానీ కొన్ని చోట్ల దానివల్ల మేలే ఎక్కువ జరుగుతోంది. ఆఖరుగా మావటి జీతం గురించి అడగండి. అక్కడి మావటుల్లో చాలామంది కరెన్ తెగవారు, వారిలో మయన్మార్ సరిహద్దు దాటి వచ్చిన పేదలూ ఉన్నారు. ఏనుగుల గురించి పేజీలకు పేజీలు రాసి, మావటి గురించి ఒక్క మాటైనా చెప్పలేని కేంద్రం మీద నాకు నమ్మకం కుదరదు.

ఈ జవాబులు తృప్తికరంగా ఉంటే నిశ్చింతగా వెళ్లండి. నవంబరు నుంచి జనవరి వరకు అనువైన కాలం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలూ అడవులూ తగలబెట్టే పొగతో చియాంగ్ మాయ్ గాలి పీల్చరానంతగా ఉంటుంది. వానాకాలం చివర వరద భయం ఉంది. 2024 అక్టోబరు వరదల్లో ఎలిఫెంట్ నేచర్ పార్క్‌లోని వందకు పైగా ఏనుగులను ఎత్తైన చోటుకు తరలించవలసి వచ్చింది, రెండు ఏనుగులు కొట్టుకుపోయి చనిపోయాయి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. స్నేహితురాలితో కలిసి థాయ్‌లాండ్ గానీ కెన్యా గానీ వెళ్లి ఏనుగుల మధ్య పనిచేస్తానని పట్టుబడుతోంది. ప్రమాదం, జబ్బులు, వీసా విషయాల్లో మేం ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, మీ భయం అకారణమైనది కాదు. 2025 జనవరిలో థాయ్‌లాండ్‌లోని యావో యాయ్ దీవిలో ఒక శిబిరంలో ఏనుగుకు స్నానం చేయిస్తుండగా, స్పెయిన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఆ ఏనుగు దాడిలోనే మరణించింది. సాధువుగా కనిపించే పెంపుడు ఏనుగు కూడా తిరగబడితే మావటి మాట వినే లోపే జరగవలసినది జరిగిపోతుంది. మదం కారుతున్న మగ ఏనుగు సంగతి మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పై జవాబులో తాకనివ్వని కేంద్రాన్నే ఎంచుకోమని చెప్పింది ఏనుగు మీది జాలితో మాత్రమే కాదు, కంచెకు ఇవతల ఉండి పనిచేసే మీ అమ్మాయికి కూడా అదే రక్ష.

జబ్బుల విషయంలో నేను ముందుగా చెప్పేది క్షయ గురించి, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. క్షయ ఏనుగు నుంచి మనిషికీ, మనిషి నుంచి ఏనుగుకూ సోకుతుంది. పెంపుడు ఏనుగుల్లో కనిపించేది ఎక్కువగా మనుషుల క్షయ క్రిమే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి, వారాల తరబడి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోకుండా వెళ్లడం ఏనుగులకు అపకారం చేయడమే అవుతుంది. ఇక ఈ కేంద్రాల్లో కుక్కలు కూడా ఎక్కువ. ఎలిఫెంట్ నేచర్ పార్క్ వందల వీధికుక్కలను సాకుతోంది, స్వచ్ఛంద సేవకులకు ఆ పనీ అప్పగిస్తారు. అందుచేత రేబిస్ ముందస్తు టీకా, ధనుర్వాతం టీకా వేయించండి. జపనీస్ మెదడువాపు టీకా అవసరమేమో వైద్యుణ్ని అడగండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు, జంతువుల దగ్గర పనిచేసేటప్పుడు కలిగే గాయాలకు పరిహారం వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోండి. చాలా పాలసీల్లో ఆ మినహాయింపు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కెన్యాకు వెళితే ఒక ముఖ్యమైన చిక్కు ఉంది, అది వెళ్లేటప్పటికన్నా తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా బయటపడుతుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో కెన్యా ఉంది కనుక, ఆ టీకా ధ్రువపత్రం లేకుండా అక్కడి నుంచి వచ్చినవారిని మన విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం మన ప్రభుత్వానికి ఉంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే ఆ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అసలు కెన్యా మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను: అనాథ గున్నలను పెంచే షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఫొటోలు చూసి చాలామంది అక్కడికి సేవకు వెళ్లాలనుకుంటారు. గున్నలు తమను పెంచే కొద్దిమందికే అలవాటు పడి, చివరికి త్సావో అడవుల్లోకి వెళ్లిపోవాలన్నది ఆ సంస్థ ఉద్దేశం. కాబట్టి అక్కడ బయటివారికి పాలు పట్టే పని దొరకదు, నైరోబిలో రోజూ ఒక గంట చూడనిస్తారు, అంతే.

వీసా విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మవద్దు, మాది కూడా. భారతీయులు థాయ్‌లాండ్‌కు వీసా లేకుండా వెళ్లే సదుపాయం 2023 నవంబరులో మొదలైంది. ఎన్ని రోజులు ఉండవచ్చన్నది ఇప్పటికే మారింది, మళ్లీ మారవచ్చు. పర్యాటకులుగా వెళ్లినవారు జీతం లేని పని చేసినా అది ఉద్యోగం కిందికి వస్తుందా అన్న ప్రశ్నను అక్కడి అధికారులు ఎప్పుడైనా లేవనెత్తవచ్చు. ఏ రకం అనుమతితో రావాలో కేంద్రం నుంచి ఉత్తరం తెప్పించుకుని, దాన్ని చూపి థాయ్ రాయబార కార్యాలయాన్ని అడగండి. ఆ ఉత్తరం రాసివ్వడానికి వెనకాడే కేంద్రానికి మీ అమ్మాయిని పంపనవసరం లేదు.

ప్రశ్న: పశువైద్యం చదువుతున్నాను. స్వచ్ఛంద సేవకుడిగా వెళితే ఏనుగుల వైద్యంలో అనుభవం వస్తుందా? విదేశాల్లో ఎక్కడికి వెళ్లడం మంచిది?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: రుసుము కట్టి వారం రోజులకు వెళ్లే కార్యక్రమంలో మీకు వైద్యం నేర్పరు. ఏనుగుకు సూది వేయనిస్తామని ఏ శిబిరమైనా ప్రకటిస్తే, దాన్ని చూసి సంతోషించవలసింది పోయి భయపడాలి. మీరు కోరుకోవలసింది మీ కళాశాల ద్వారా, ప్రొఫెసరు సిఫారసుతో జరిగే శిక్షణ. చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయపు పశువైద్య విభాగంలో ఏనుగుల ఆరోగ్యం మీద ప్రత్యేకంగా పనిచేసే కేంద్రం ఉంది. అక్కడికి దగ్గర్లోని లాంపాంగ్‌లో 1993లో మొదలైన ఏనుగుల ఆసుపత్రి గురించి మీరు తప్పక చదవాలి. మయన్మార్ సరిహద్దులో 1999లో మందుపాతర తొక్కి కాలు పోగొట్టుకున్న మోతాలా అనే ఆడ ఏనుగుకు అక్కడ శస్త్రచికిత్స చేశారు, 2009లో కృత్రిమ కాలు అమర్చారు. టన్నుల కొద్దీ బరువు మోసే కాలిని తయారుచేయడంలో ఎదురైన ఇబ్బందులు మీ పాఠ్యపుస్తకాల్లో దొరకవు.

శ్రీలంకలో ఉడవలవే దగ్గర 1995 నుంచి వన్యప్రాణి శాఖ నడుపుతున్న గున్నల తాత్కాలిక నివాసం మరో రకమైన పాఠశాల. తల్లులను కోల్పోయిన గున్నలకు మూడు గంటలకోసారి పాలు పట్టి, మనుషులకు మచ్చిక కాకుండా పెంచి, సుమారు ఐదేళ్ల వయసులో గుంపుగా అడవిలో వదులుతారు. అదే దేశంలో 1975లో మొదలైన పిన్నవలకు పేరు ఎక్కువ, పర్యాటకులూ ఎక్కువే. కానీ అక్కడి ఏనుగులు అడవికి తిరిగి వెళ్లేవి కావు. రెండు చోట్లనూ చూసి పోల్చుకుంటే మీకు ఎంతో తెలుస్తుంది.

విమానం ఎక్కకుండా కూడా మొదలుపెట్టవచ్చు. వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. సంస్థ మథుర దగ్గర 2018లో ఏనుగులకే ప్రత్యేకమైన ఆసుపత్రిని ప్రారంభించింది. పెంపుడు ఏనుగులను ఎక్కువగా బాధించేవి పాదాల జబ్బులు. గట్టి నేల మీద ఏళ్ల తరబడి నిలబడటం వల్ల అరికాళ్లు పగిలి, గోళ్ల దగ్గర చీము పడుతుంది. కమ్మీల అవతల ఏనుగు, ఇవతల వైద్యుడు ఉండి, తినుబండారం చూపి ఏనుగు తనంత తానే కాలు చాపేలా అలవాటు చేసే పద్ధతిని అక్కడ దగ్గర నుంచి గమనించండి. దెబ్బ వేయకుండా చికిత్స చేయవచ్చని తెలిశాక, అంకుశం లేనిదే పని జరగదన్న పాత వాదన మీ చెవికి ఎక్కదు. గున్నలను రోజుల వ్యవధిలో చంపేసే ఏనుగుల హెర్పిస్ వైరస్ గురించి కూడా ఇప్పటి నుంచే చదవడం మొదలుపెట్టండి, ఆ రంగంలో చేయవలసింది చాలా ఉంది.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుతోనూ, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారితోనూ కలిసి ఇలాంటి సేవకు వెళ్లవచ్చా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: సేవకు వద్దు, చూడటానికి వెళ్లండి. వారం రోజుల కార్యక్రమాల్లో ఎండలో వంగి లేచే పనులే ఎక్కువ, పిల్లలకు వయసు నిబంధనలు కూడా ఉంటాయి. పైన చెప్పిన ఉడవలవేలో మెట్ల వరుసల మీద కూర్చుని, గున్నలు పాల కోసం పరుగెత్తుకొచ్చే దృశ్యాన్ని మీ అత్తగారు హాయిగా చూడవచ్చు. మరునాడు పక్కనే ఉన్న ఉడవలవే జాతీయ పార్కులో జీపు మీద తిరిగితే, అడవి ఏనుగుల గుంపులు కనిపించే అవకాశం బాగా ఉంటుంది. బాబుకు గున్నతో ఫొటో తీయిస్తామని ఎవరైనా వెంటపడితే మాత్రం వద్దని చెప్పండి.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. కౌండిన్య అడవి నుంచి వచ్చే ఏనుగులు మా వరి తొక్కి, మామిడి కొమ్మలు విరిచి, పైపులు పీకి పోతున్నాయి. రాత్రి కాపలాకు పోవాలంటే ప్రాణభయం. పట్నం పిల్లలు వేలకు వేలు పోసి పరాయి దేశంలో ఏనుగులకు పండ్లు కడిగిపెట్టడం మాకు వేళాకోళంలా ఉంది. ఏనుగు మీద ప్రేమ ఉంటే ఇక్కడికి రమ్మనండి.
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నేను రెండుసార్లు చదివింది మీదే. ఏనుగును కాపాడటం అంటే శిబిరంలోని ఏనుగును కాపాడటమే అన్న అపోహ పర్యాటకుల్లో బలంగా ఉంది. ఏనుగుల భవిష్యత్తు అంతకన్నా ఎక్కువగా మీవంటి వారి పొలం గట్ల మీద తేలుతుంది. 2025 మే నెలలో కర్ణాటక నుంచి తెచ్చిన నాలుగు కుంకీలు, అంటే శిక్షణ పొందిన పెంపుడు ఏనుగులు, మీ దగ్గరి ముసలిమడుగు శిబిరంలో ఉన్న సంగతి మీకు తెలుసు. మందను తిరిగి అడవిలోకి మళ్లించడానికి కుంకీలు అక్కరకొస్తాయి గానీ, మళ్లించిన మంద మళ్లీ రాకుండా ఉండటానికి ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో వెతుకుతున్న చోట్లు విదేశాల్లో కొన్ని ఉన్నాయి. స్వచ్ఛంద సేవకు వెళ్లే యువతకు నేను శిబిరాల కన్నా ముందుగా సూచించేది వాటినే.

శ్రీలంకలో ఈ సంఘర్షణ మనకన్నా తీవ్రం. 2023 ఒక్క ఏడాదిలోనే 400కు పైగా ఏనుగులు, 150కి పైగా మనుషులు చనిపోయారు. అక్కడి వస్గమువ జాతీయ పార్కు అంచు పల్లెల్లో శ్రీలంక వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ అనే సంస్థ, ఏనుగులు నిమ్మజాతి చెట్లను ఇష్టపడవన్న గమనింపు ఆధారంగా, రైతుల పెరళ్ల చుట్టూ నారింజ చెట్లు వేయిస్తోంది. చెట్టు ఏనుగును ఎంతవరకు ఆపుతుందన్నది ఒక లెక్క, పండ్ల అమ్మకంతో రైతుకు వచ్చే రాబడి మరో లెక్క. ఈ రెండోది ఉండబట్టే రైతులు చెట్లను బతికించుకుంటున్నారు. అక్కడికి వెళ్లే సేవకులు ఏనుగును ముట్టుకోరు. పొద్దున్నే అడుగుజాడలూ లద్దెలూ లెక్కపెట్టడం, ఏ పొలంలో ఎంత నష్టం జరిగిందో రైతు దగ్గర కూర్చుని రాసుకోవడం, చెట్ల కింద కూర్చుని మంద కదలికలు గమనించడం వారి పని.

కెన్యాలో త్సావో పక్కన సగల్లా పల్లెల్లో లూసీ కింగ్ అనే పరిశోధకురాలు తాను రూపొందించిన తేనెటీగల కంచెను రైతులతో వేయించారు. పది మీటర్లకొక తేనెపెట్టె వేలాడదీసి, వాటన్నిటినీ తీగతో కలుపుతారు. ఏనుగు తీగను నెట్టగానే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. తేనెటీగల చప్పుడు వింటేనే ఆఫ్రికా ఏనుగులు తప్పుకుంటాయి. మన ప్రాంతపు తేనెటీగలు అక్కడివంత కోపిష్ఠివి కావు, ఆసియా ఏనుగులు కూడా అంతగా బెదరకపోవచ్చు, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మీ పొలానికి తెచ్చి పెట్టమని చెప్పను. థాయ్‌లాండ్‌లోని కుయ్ బురి పార్కు ఉదాహరణ మీకు మరింత దగ్గరగా ఉంటుంది. అనాస తోటల్లో పడుతున్న ఏనుగులను 1990ల చివర్లో అక్కడ విషం పెట్టీ, కాల్చీ చంపారు. రాజు భూమిబోల్ చొరవతో అడవిలోనే మేతనూ నీటినీ పెంచే పని మొదలైంది. తరువాతి కాలంలో పర్యాటకులను ట్రక్కుల్లో తిప్పి అడవి ఏనుగులను చూపించే పని ఆ పల్లెవారికే దక్కింది. తోటల నష్టం పూర్తిగా ఆగిపోలేదు గానీ, ఏనుగు బతికి ఉంటే ఊరికి ఆదాయం అన్న లెక్క మొదటిసారి కుదిరింది.

ఇటువంటి చోట నెల రోజులు ఉండి వచ్చిన మన పిల్లలు మీ ఊరికి రావాలన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే అటవీశాఖ అనుమతి లేకుండా, రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని వచ్చే ఉత్సాహవంతుల వల్ల మీకూ ఏనుగులకూ కూడా చేటే. పంట నష్టం నమోదు చేయడం, పరిహారం దరఖాస్తులు సకాలంలో పూర్తిచేసి పంపడం, మంద ఎటు కదులుతోందో ఫోన్ల ద్వారా ఊళ్లకు ముందే తెలియజేయడం వంటి పనుల్లో చదువుకున్న నలుగురి సాయం మీకు నిజంగా అక్కరకొస్తుందనుకుంటే, ఏ పని, ఏ నెలల్లో అన్న వివరాలతో మాకు మళ్లీ రాయండి. అటవీశాఖ ఒప్పుకుంటే ఆ పిలుపును ఈ పేజీలోనే ప్రచురిస్తాం.

ప్రశ్న: వయసు రీత్యా ప్రయాణం చేయలేను. విదేశాల్లోని ఇటువంటి సంస్థలకు ఇక్కడి నుంచి డబ్బు పంపవచ్చా? ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, పంపవచ్చు. రిజర్వు బ్యాంకు అనుమతించిన సరళీకృత చెల్లింపుల పథకం కింద విదేశీ సంస్థకు విరాళం పంపే వీలుంది, మీ బ్యాంకులో పాన్ వివరాలతో దరఖాస్తు నింపాలి. నైరోబిలోని షెల్డ్రిక్ ట్రస్ట్ వంటివి ఏడాదికి ఇంతని కడితే ఒక గున్నను మీ పేరిట పోషించి, దాని క్షేమ సమాచారం పంపుతాయి. మినహాయింపు మాత్రం రాదు, ఎందుకంటే విరాళాల మీది మినహాయింపు మన దేశంలో గుర్తింపు పొందిన సంస్థలకే వర్తిస్తుంది. మినహాయింపు కూడా కావాలనుకుంటే ఏనుగుల కోసం పనిచేసే మన దేశపు సంస్థను ఎంచుకుని, దాని గుర్తింపు ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో చూసుకుని, రసీదుతో పాటు విరాళ ధ్రువపత్రాన్ని కూడా అడిగి తీసుకోండి. రెండు వేల రూపాయలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదు కనుక చెక్కు రూపంలో గానీ బ్యాంకు ద్వారా గానీ పంపండి.